మట్టం

నవనీత ఫోన్ల జూసి చెప్పింది:
శంషాబాద్ నుంచి అండమాన్‌కు
పదహారు వందల అరవై కిలోమీటర్లు,
రెండు గంటల పదిహేను నిమిషాలు.
మళ్లొకసారి చదువుమన్న.
మళ్ల గదే చెప్పింది.

ఊట్కూరు బడిల కబడ్డీ ఆడే పిల్ల.
జట్టు జట్టంత విమానంల పోతున్నరట,
టికెట్లు సర్కారే కొన్నదట.
సంచిల పల్లిపట్టీలు సదురుకుంట అడిగింది:
"అత్తా, మీరు వోయినప్పుడు ఎంతసేపైంది?"

తొమ్మిది రోజులు బిడ్డా.
మక్తల్‌ల బస్సెక్కి పాలమూరు,
పాలమూరుల రైలెక్కి కాచిగూడ,
ఆడ మేస్త్రీ తలకాయలు లెక్కపెట్టిండు, ముప్పై నాలుగు.
మద్రాసుల ఓడ కోసం నాలుగు రాత్రులు
గోదాం అరుగు మీద, జొన్నరొట్టెలు బూజు పట్టెదాక.
ఓడల మూడు రాత్రులు.
మీ నాయిన కుర్మయ్య కక్కుకుంట కక్కుకుంట
"ఇన్ని నీళ్లున్నయి గదక్కా,
మనూరికి ఒక్క కాలువ రాదా?" అన్నడు.
అందరం నవ్వినం. వాడు నవ్వలే.

అసలు గడియారం తిరుగుడు షురువైంది
బయానా తీసుకున్న నాడే.
నలభై వేలు, బోరు కోసం. బోరు ఎండింది,
బయానా ఎండలే.

దానికి ముందు శంషాబాద్‌ల రెండు ఎండకాలాలు.
మందువెట్టి గుట్టను పేలుస్తే
మిగిలిన గుండ్లను మేము సమ్మెటతోని కొట్టినం.
మొరం పరిచినం, నీళ్లు చల్లినం,
రోలరు తొక్కినంక
సన్నపు పైపుల నీళ్లు నింపి
ఆ కొసకు కుర్మయ్య, ఈ కొసకు నేను.
నీళ్లు ఆడుడు ఆగెదాక
ఇద్దరం ఊపిరి బిగవట్టి.
ఆగినంక వాడు అటునుంచి ఒక్కటే మాట ఒర్లేది:
"మట్టం!"
ఎనక ఇంజనీరు మిషిని పెట్టి జూసి
తలకాయ ఊపేది.
నా ఎడమ మోకాలు ఆడనే పోయింది.

కుడి మోకాలు సముద్రం అవతల.
ఆడి మట్టి వేరే. వాన వడ్డదంటే చెప్పునొదలది,
తట్ట బోర్లిస్తే సగమే జారేది,
మిగిలిన సగం మళ్ల నెత్తి మీదనే ఎనకకొచ్చేది.
గా సగం తట్టల లెక్క
మేస్త్రీ ఏ బుక్కులా రాయలే.

ఇప్పుడు రెండు మోకాళ్లు
ఒక్క నులకమంచం మీద పక్కపక్కనే.
ముసురు పట్టిన రాత్రి
ఈ ఎయిర్‌పోర్టు గుంజితే
ఆ ఎయిర్‌పోర్టు జవాబిస్తది.
నడుమ జానెడు.
గా దూరం నీ ఫోన్ల ఉన్నదా జూడు.

పిల్ల జూడలే. నూనె గిన్నె తెచ్చి
మోకాళ్లకు రాసింది, కబడ్డీ చేతులు,
పట్టు బాగున్నది.

పొయ్యే ముందర ఒక్కటే చెప్పిన:
దిగేటప్పుడు చక్రం నేలకు తాకంగనే
ఎట్లుంటదో మంచిగ మతిల పెట్టుకో.
పెనం మీద రొట్టె వేసినట్టుండాలె.
గుండు మీద ఎడ్లబండి ఎక్కినట్టుంటె
ఉన్నదున్నట్టు చెప్పు, ఏమనుకోను.
నేనెన్నడూ ఎక్కలే, మీ నాయినా ఎక్కలే.
మా పని దాని కిందిది.

మర్నాడు పగటీలి ఫోనొచ్చింది.
సముద్రం జూసిందట, కొబ్బరినీళ్లు తాగిందట,
అవతలి జట్టు పిల్లలు గట్టిగున్నరట.
దిగుడు సంగతి నేనే అడిగిన.
"అయ్యో అత్తా, నిద్రవోయిన.
దిగినంక మా మేడమే లేపింది."

కుర్మయ్య ఇప్పుడు పూణె దిక్కు
ఇంకొక రన్‌వే మీదున్నడు.
ఫోన్ చేసి చెప్పిన: పిల్లకు తెలువనే తెలువలేదట,
దిగెదాక పండుకునే ఉన్నదట.

ఆ కొసన సప్పుడు లేదు.
కట్టయిందేమో అనుకున్న.
లేదు, వాని ఊపిరి ఇనవడుతున్నది,
పైపుల నీళ్ల లెక్క
ఇటు జరంత, అటు జరంత.

"మట్టం," అన్నడు.

ఎనకనుంచి ఎవరో వాని పేరు వట్టి పిలుస్తున్నరు,
తట్టలు ఆగినయట.